మాటల మూట: ‘ఝ సరే’ అంటే సరే అని కాదు

ఈ శీర్షిక క్రింద మేము సామెతలను గురించో, వాడుక తప్పుతున్న ఇంటిమాటలను గురించో ముచ్చటిస్తూ వస్తున్నాము. ఈ నెల ఫ్రెంచి వ్యాకరణం పట్టుకున్నాము. ‘వీరికి మతిగాని తప్పలేదు గదా’ అని మీకు అనుమానం రావచ్చు. కారణం చెబుతాము, విన్న తరువాత మీరే తీర్పు చెప్పండి.

మొన్న ఒక సాయంత్రం ధారావిలో, తొంభై అడుగుల రోడ్డుకు లోపలి గల్లీలో, మేము చాలాకాలంగా ఎరిగిన ఒక పాలమూరు వారి ఖోలీకి వెళ్ళాము. పని పెద్దదేమీ కాదు, పత్రిక చందా. గుమ్మంలో అవ్వ చేటలో బియ్యం పోసుకుని రాళ్ళేరుతున్నది. పైన అటకమీదనుంచి మనుమరాలి గొంతు వినబడుతున్నది:

“ఝ సరే, త్యు సరా, ఇల్ సరా. ను సరోఁ, వు సరే, ఇల్ సరోఁ.”

అవ్వ మమ్మల్ని చూసి, “పొద్దటిసంది గిట్లనే సరే సరే అంటున్నది సారూ. ఎవరేమడిగిన్రో, ఇది ఎందుకు ఒప్పుకుంటున్నదో!” అన్నది.

పిల్ల నవ్వుతూ నిచ్చెన దిగి వచ్చింది. పన్నెండో తరగతి చదువుతున్నది. కాలేజీలో రెండో భాషగా ఫ్రెంచి తీసుకున్నది. మన ముంబయిలో ఇది క్రొత్త సంగతి కాదు. మార్కులు బాగా వస్తాయని ఎందరో పిల్లలు ఫ్రెంచి తీసుకుంటున్నారు. కాని ఈ పిల్లకు మాత్రం క్రిందటి పరీక్షలో 20కి 6 వచ్చాయి. సోమవారం మళ్ళీ పరీక్ష. పాఠం పేరు ‘ఫ్యుత్యుర్ ఆఁతేరియర్’.

“ఏమిటమ్మా అది?” అని అడిగాము.

“ఇంగ్లీషులో ‘విల్ హావ్ డన్’ అంటారు గదా తాతా, అదే. టీచర్ అలాగే చెప్పింది. నాకు ఆ ఇంగ్లీషే సరిగ్గా పట్టుబడలేదు. ఇక దాంట్లోనుంచి ఫ్రెంచి ఎట్లా వస్తుంది?”

ఆ మాట మాకు ముల్లులా గుచ్చుకున్నది. ఒక తాళం తీయడానికి మరొక తాళం చేతికి ఇచ్చినట్లున్నది ఈ చదువు. ఇంట్లో తెలుగు, గల్లీలో హిందీ, బజారులో మరాఠీ, తరగతిలో ఇంగ్లీషు, పుస్తకంలో ఫ్రెంచి! ఐదు భాషలు మోస్తున్న ఆ పిల్లకు, మొదటి భాషలోనే జవాబున్నదని ఎవరూ చెప్పలేదు.

మాకు వెంటనే జవాబు తోచిందని గొప్ప చెప్పుకోము. తోచింది అవ్వకు, అదీ ఆమెకు తెలియకుండానే. ఆ పిల్ల తండ్రి కువైటులో డ్రైవరు. రోజూ రాత్రి ఎనిమిదింటికి ఫోను చేస్తాడు. ఆరోజు తొమ్మిది దాటినా మోగలేదు. కోడలు కుట్టుమిషను ఆపి రెండుసార్లు ఫోను వైపు చూసింది. అవ్వ బియ్యంమీదనుంచి తల ఎత్తకుండానే, “డ్యూటి ఇంక దిగి ఉండడు. దిగితే తిని ఉంటడు, అలిసి పండుకొని ఉంటడు. గాబరా వడకు” అన్నది.

దిగి ఉండడు. తిని ఉంటడు. పండుకొని ఉంటడు. పిల్ల రెండు గంటలుగా బట్టీ పడుతున్న పాఠమంతా ఆ మూడు ముక్కలలో ఉన్నది!

ఎట్లాగో చెబుతాము. ఫ్రెంచివారి ఈ కాలానికి అర్థం ‘ముందరి భవిష్యత్తు’. రేపు జరుగబోయే రెండు పనులలో ఏది ముందు పూర్తవుతుందో దానికి ఈ రూపం వాడతారు. ‘నువ్వు వచ్చేసరికి నేను పని ముగించి ఉంటాను.’ రావడం రేపే, ముగించడం రేపే. ముగించడం ముందు. అందుకు తెలుగువాడు ఏమి చేశాడు? ‘ముగించు’ అన్న క్రియను ‘ముగించి’ అని పూర్తయిన రూపంలో పెట్టి, దాని ప్రక్కన ‘ఉంటాను’ అని నిలబెట్టాడు. ఫ్రెంచివాడూ అంతే చేశాడు. ‘ముగించిన’ అనే అర్థం గల ‘ఫిని’ అన్న మాట ఒకటి, దానికి ముందు భవిష్యత్తులో ఉన్న సహాయక్రియ ఒకటి. తేడా అల్లా మనకు సహాయం వెనుక వస్తుంది, వారికి ముందు వస్తుంది.

మన వ్యాకర్తలు ‘ముగించి, తిని, వచ్చి’ వంటి రూపాలను క్త్వార్థకాలన్నారు. పేరు చూసి భయపడనక్కరలేదు, ‘చేసి’ అనగలిగిన ప్రతివారికీ అది వచ్చినట్లే. ఫ్రెంచిలో వీటి స్థానంలో నిలిచే రూపాలకు మూడు పెద్ద దారులున్నవి. ‘మాఁఝే’ (తిను) వంటి క్రియలకు చివర ‘ఏ’ వస్తుంది. ‘ఫినీర్’ (ముగించు) వంటివాటికి ‘ఇ’ వస్తుంది. ‘వాఁద్ర్’ (అమ్ము) వంటివాటికి ‘యు’ వచ్చి ‘వాఁద్యు’ అవుతుంది. దారి తప్పిన మొండివి కొన్ని ఉన్నవి. ‘ఫేర్’ (చేయు) ‘ఫే’ అవుతుంది, ‘ప్రాఁద్ర్’ (తీసుకొను) ‘ప్రి’ అవుతుంది. వీటిని కంఠస్థం చేయవలసిందే. మనకు మాత్రం ‘పోవు’ అన్నది ‘పోవి’ కాకుండా ‘పోయి’ కాలేదా?

ఇక సహాయక్రియ. ఇక్కడ మనం అదృష్టవంతులం. మనకు ఒక్క ‘ఉండు’ చాలు. వారికి రెండున్నవి. ఒకటి ‘ఆవ్వార్’, అనగా కలిగి ఉండు. రెండవది ‘ఎత్ర్’, అనగా ఉండు, అగు. మొదటిదానితో పాఠం ఇలా నడుస్తుంది: ‘ఝోరే ఫిని’ అంటే నేను ముగించి ఉంటాను, ‘త్యు ఓరా ఫిని’ అంటే నువ్వు, ‘ఇల్ ఓరా ఫిని’ అంటే అతడు, ‘ఎల్ ఓరా ఫిని’ అంటే ఆమె. తరువాత ‘ను జోరోఁ ఫిని’ మేము, ‘వు జోరే ఫిని’ మీరు, ‘ఇల్ జోరోఁ ఫిని’ వారు. ‘ఎల్ ఓరా’ అనగానే మా శిష్యురాలు “ఎల్లోరా!” అని చప్పట్లు కొట్టింది. ఔరంగాబాదు వైపు గుహలకు విహారయాత్ర వెళ్ళివచ్చిన పిల్ల, ఇక ఆ రూపం మరచిపోదు. అవ్వను విసిగించిన ‘సరే’ మాత్రం రెండవ సహాయక్రియది. ‘ఝ సరే’ అంటే ‘నేను ఉంటాను’ అని. ఎవరికీ ఏమీ ఒప్పుకోవడం లేదని అవ్వకు నచ్చచెప్పాము.

చిత్రమేమిటంటే, ఫ్రెంచి భవిష్యత్తు రూపాల తోకలు కూడా ఒకప్పుడు విడిగా నిలిచిన మాటలే. లాటిను నోళ్ళలో ‘పాడుటకు కలిగి ఉన్నాను’ అన్నట్లుగా ఉన్న రెండు మాటలు, వందల ఏండ్లు నలిగి, ఒక్కటిగా అతుక్కుపోయి ఫ్రెంచి భవిష్యత్తు అయినవి. నమ్మకం కలగకపోతే మన చాళ్ళలో చెవి పెట్టి వినండి. ‘వచ్చి ఉంటాడు’ అన్నది ‘వచ్చుంటాడు’ అయి చాలాకాలమయింది. భాషలు ఎక్కడివైనా నలిగే తీరు ఒకటే.

ఏ క్రియకు ‘ఆవ్వార్’, ఏ క్రియకు ‘ఎత్ర్’ అన్నదే పిల్లలను ఏడిపించే చోటు. చాలా క్రియలకు మొదటిదే. రెండవదానిని కోరేవి కొద్ది. పాఠశాలల్లో వీటికి ఒక ఇంటి బొమ్మ గీసి చూపిస్తారు. మేము బొమ్మ గీయలేదు, చాల్‌నే చూపించాము. మెట్లెక్కడం, దిగడం, లోపలికి రావడం, బయటికి పోవడం, ఊరినుంచి రావడం, ఊరికి వెళ్ళడం, చేరడం, తిరిగి రావడం, జారి పడడం, ఇక్కడే ఉండిపోవడం, పుట్టడం, చనిపోవడం. ఒక చాల్‌లో మనిషి జీవితమంతా ఇందులోకి వచ్చింది గదా! ఈ క్రియలకు ‘ఎత్ర్’. తనను తాను కడుక్కోవడం, లేవడం, నిద్రలోకి జారడం వంటి ‘కొను’ క్రియలకూ అదే. తినడం, వండడం, కుట్టడం, అమ్మడం వంటి తక్కిన పనులకు ‘ఆవ్వార్’. కనుక ‘అతడు వచ్చి ఉంటాడు’ అన్నది ‘ఇల్ సరా వన్యు’. ‘అతడు తిని ఉంటాడు’ అన్నది ‘ఇల్ ఓరా మాఁఝే’. ‘నిద్రపోయి ఉంటాడు’ అన్నది ‘ఇల్ స సరా ఆఁదోర్మి’. అవ్వ మాట మూడొంతులు అప్పుడే ఫ్రెంచి అయిపోయింది.

ఒక జాగ్రత్త ఉన్నది. ‘ఎత్ర్’ వచ్చినచోట, వచ్చినది ఆడమనిషి అయితే వ్రాతలో చివర ఒక అక్షరం పెరుగుతుంది, ఎక్కువమంది అయితే మరొకటి పెరుగుతుంది. ‘వచ్చి ఉంటుంది’ అన్నా ‘ఎల్ సరా వన్యు’ అనే పలుకుతారు గాని, కాగితంమీద ఆ అక్షరం లేకపోతే మార్కు పోతుంది. చెవికి వినబడదు, కంటికి కనబడాలి.

కాదనడం కూడా మన పద్ధతే. ‘దిగి ఉండడు’ అన్నప్పుడు అవ్వ ‘దిగి’ని ముట్టుకోలేదు, ‘ఉంటాడు’నే ‘ఉండడు’ చేసింది. ఫ్రెంచిలోనూ కాదనే రెండు ముక్కలు సహాయక్రియనే అటూ ఇటూ పట్టుకుంటాయి: ‘ఇల్ న సరా పా దెసాఁద్యు’. క్రియ మాత్రం కదలదు.

మరి తెలుగు దారి పూర్తిగా చదునేనా అంటే కాదు. ఒకచోట గుంట ఉన్నది. ‘నువ్వు ముగించాక రా’ అంటాము. ముగించడం రేపటిదే అయినా ‘ముగించిన’ అనే జరిగిపోయిన రూపం వాడి, కాలం సంగతి వదిలేస్తాము. ఫ్రెంచివాడు వదలడు. ‘కాఁ త్యు ఓరా ఫిని, త్యు వ్యేఁద్రా’ అంటాడు. ‘ఎప్పుడు నువ్వు ముగించి ఉంటావో అప్పుడు వస్తావు’ అని ఇటూ అటూ భవిష్యత్తు పెట్టి తీరుతాడు. ఇంగ్లీషు అలవాటున్న పిల్లలు ఇక్కడ వర్తమానం వ్రాసి తప్పులో పడతారు. పరీక్షలో ‘కాఁ’ కనబడితే రెండు పనులలో ఏది ముందు అయిపోతుందని అడుగుకోవాలి. ముందు అయ్యేదానికి ఈ రూపం, తరువాతదానికి మామూలు భవిష్యత్తు.

ఇక అసలు రహస్యం. అవ్వ మాట్లాడినది రేపటి సంగతి కాదు, జరిగిపోయిన సంగతి. కువైటులో కొడుకు తిన్నాడో లేదో ఆమె చూడలేదు. చూడనిదానిని ఊహించి, ధైర్యం చెప్పుకుని, ‘తిని ఉంటడు’ అన్నది. ఫ్రెంచివారూ అచ్చంగా ఇదే రూపాన్ని ఇదే పనికి వాడతారు. రావలసినవాడు రాకపోతే ‘బస్సు తప్పిపోయి ఉంటుంది’ అన్న అర్థంలో ‘ఇల్ ఓరా రాతే ల బ్యుస్’ అంటారు. ఇంగ్లీషులో ఈ వాడుక లేకపోలేదు గాని, అక్కడ మన పిల్లలకు ఊహకోసం ‘మస్ట్ హావ్’ అని వేరే పాఠం పెడతారు. అందుచేత ఇంగ్లీషు కిటికీలోనుంచి చూసిన పిల్లకు ఇవి రెండు వేరు వేరు సంగతులుగా కనిపిస్తాయి. తెలుగు గుమ్మంలోనుంచి చూస్తే ఒకటే ఇల్లు. కాబోయేదానికీ, అయి ఉండవచ్చునన్నదానికీ ఒకే మాట.

ఈ రూపం లేకపోతే మన ముంబయి తెలుగువారికి పూట గడిచేది కాదేమో అనిపిస్తుంది. పద్దెనిమిదవ శతాబ్దం చివర నిజాం సీమనుంచి ఇళ్ళు కట్టే పనికి వచ్చిన కామాఠీల పేరుతోనే కామాఠీపురా ఏర్పడింది. ఆ తరువాత మిల్లులలో నేతపనికి పద్మశాలీలు వచ్చారు. ధారావికి పాలమూరునుంచి ఇప్పటికీ వస్తూనే ఉన్నారు. ఊరిని కంటితో చూడలేనివారు ఊరిని గురించి మాట్లాడే తీరు ఏది? ‘వానలు పడి ఉంటాయి. నాట్లు వేసి ఉంటారు. చెల్లె కానుపు అయి ఉంటుంది.’ 1982 మిల్లుల సమ్మెలో పనిలేక ఊళ్ళకు పోయినవారు, అక్కడ కూర్చుని ‘ఈపాటికి సమ్మె తేలి ఉంటుంది’ అనుకున్నవారే. కండ్ల ముందు లేనివారిమీద ప్రేమకు మన భాష ఇచ్చిన రూపమిది.

ఫ్రెంచి మనకు మరీ పరాయిదని కూడా అనుకోవద్దు. కాకినాడకు సుమారు 30 కిలోమీటర్ల దూరంలో, గోదావరి పాయ ఒడ్డున యానాం ఉన్నది. 1954 దాకా అది ఫ్రెంచివారి పాలనలో ఉన్న తెలుగు ఊరు. ఇంట్లో తెలుగు, కచేరీలో ఫ్రెంచి. బ్రిటిషువారి సీమలో 1930 నుంచి శారదా చట్టం అమలయ్యాక, ఆ చట్టం చెల్లని యానాంకు బాల్యవివాహాలకోసం పెండ్లివారు తరలివచ్చి ‘కల్యాణపురం’ అని పేరు తెచ్చారు. దడాల రఫేల్ రమణయ్యగారి నాయకత్వంలో 1954 జూన్ 13న ఆ ఊరు విముక్తమయింది. కాని ఒప్పందం మీద సంతకాలు 1956లో, చట్టరీత్యా విలీనం 1962 ఆగస్టు 16న. ఎనిమిదేండ్లపాటు యానాం ‘కలిసింది’ అనడానికీ ‘కలిసి ఉంటుంది’ అనడానికీ నడుమ నిలిచిన ఊరు!

అటువంటి నిలుపు ధారావివారికి వేరే చెప్పాలా? పునర్నిర్మాణ ప్రణాళికను ప్రభుత్వం 2004లో ఆమోదించింది. టెండరు ఒక కొలిక్కి వచ్చేసరికి 2022. 2004లో పుట్టిన బిడ్డకు అప్పటికి వోటు వచ్చింది. ఈ వ్యవహారంలోనే అవ్వకు ఈ వ్యాకరణం ఒకసారి ఎదురు తిరిగింది. క్రింది అంతస్తులో 2000 జనవరి 1కి ముందునుంచి ఉన్నవారికి ధారావిలోనే 350 చదరపు అడుగుల ఇల్లు ఉచితమన్నది నిబంధన. ఫారం నింపిపెట్టే కుర్రవాడు, “ఎప్పుడు వచ్చారు అవ్వా?” అని అడిగాడు. “నా లగ్గమైన రెండో ఏడు వచ్చుంటం బిడ్డా” అన్నది. “వచ్చుంటం అంటే కుదరదు. వచ్చినం అని చెప్పు, కాగితం చూపించు” అన్నాడు. వాడి మాటా న్యాయమే. ఊహకూ సాక్ష్యానికీ తేడా ఉన్నది. ‘వచ్చి ఉంటాడు’ ప్రేమకు చాలును, ఫారానికి చాలదు. అవ్వ పాత రేషన్ కార్డు ట్రంకుపెట్టె అడుగున దొరికింది కాబట్టి సరిపోయింది. మీ ఇండ్లలోనూ పాత కాగితాలు ఒకచోట పెట్టుకోండని ఈ సందర్భంలో మనవి చేస్తున్నాము.

సరే, మన శిష్యురాలి సంగతి. ఆ రాత్రి ఆమె అవ్వ ముందు కూర్చుని, “అవ్వా, ఇంకా చెప్పు. నాన్న ఏం చేసి ఉంటడు? మామ ఊళ్ళ ఏం చేసి ఉంటడు?” అని అడిగి అడిగి పన్నెండు వాక్యాలు వ్రాసుకున్నది. తెలుగు అక్షరాలు రావు కనుక తెలుగు వాక్యాన్ని ఇంగ్లీషు అక్షరాలలో వ్రాసి, దాని క్రింద ఫ్రెంచి వ్రాసింది. అది చూసి మాకు సంతోషమూ కలిగింది, గుండె కలుక్కుమన్నది కూడా. మన మునిసిపాలిటీ బడులు ఎనిమిది భాషలలో చదువు చెప్పిన బడులు, అందులో తెలుగు ఒకటి. ఆ పిల్ల తండ్రి తెలుగు బడిలోనే చదువుకున్నాడు. ఇంగ్లీషు చదువుకోసం పిల్లను వేరే బడిలో వేశారు. వారిని తప్పు పట్టము, అన్నం పెట్టే చదువు కావాలి గదా. కాని ఒక్క తరంలో అక్షరాలు పోయాయి. నోటిలో మాట మిగిలింది. ఆ మాట కూడా పనికిరానిదని పిల్ల అనుకుంటున్న సమయంలో, అది ఫ్రెంచి పరీక్షలో పనికివచ్చింది.

పదింటికి ఫోను మోగింది. డ్యూటీ దిగడమే ఆలస్యమయిందట. కువైటు గడియారం మనకంటే రెండున్నర గంటలు వెనుక. అక్కడ ఏడున్నరే, ఇంకా తినలేదట. అవ్వ ఊహలో తిండీ నిద్రా తప్పినవి, ‘దిగి ఉండడు’ అన్నది మాత్రం నిలిచింది. కొడుకు గొంతు వినబడ్డాక ఆ లెక్క ఎవరికి కావాలి!

సోమవారం పరీక్షలో 20కి 14 వచ్చాయి. పోయినవాటిలో రెండు మార్కులు ఆ వినబడని అక్షరానివే. అవ్వకు కబురు చెబితే, “నేను చెప్పింది ఆ దేశపోళ్ళకు సమజైతదా?” అని అడిగింది. అవుతుందని చెప్పాము. “అట్లయితే వాళ్ళ పిల్లలు గూడ దూరదేశాలకు పోయి ఉంటరు” అన్నది. మేము ఇంత విస్తరించి వ్రాసినదాని సారం ఆమె ఒక్క వాక్యంలో, అదే రూపంలో చెప్పేసింది.

ఇక ఈ నెల పని. మీ ఇంట్లో ఫ్రెంచి చదివే బిడ్డ ఉన్నా లేకపోయినా, ఒక సాయంత్రం పెద్దవారి దగ్గర కూర్చోబెట్టి, దూరాన ఉన్న ఒకరిని గురించి ‘ఈపాటికి ఏమి చేసి ఉంటారు?’ అని అడిగించండి. వచ్చిన జవాబు తెలుగు అక్షరాలలో వ్రాయించండి. ఒక్క వాక్యం చాలు. అక్షరం రాకపోతే మీరు చేయి పట్టుకుని దిద్దించండి. మళ్ళీ నెల మేము చందాకు వచ్చేసరికి మీరు ఆ పని చేసి ఉంటారని మా నమ్మకం. ఇది ఊహ మాత్రమే, సాక్ష్యం కాదు; కాగితం మీరే చూపించాలి.